డేటార్యాపర్: 378 శాతం ‘పై చార్టు’ని బాగుచేసిన టూల్

మా గ్రంథాలయం గోడకి అక్షరాస్యత మీద ఒక ఇన్ఫోగ్రాఫిక్ కావాలంటే, డిజైన్ ఒప్పుకున్నవాళ్లు త్రీడీ ‘పై చార్టు’ (గుండ్రాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపే బొమ్మ) పంపారు. 2011 జనగణన అక్షరాస్యత శాతాలు, దగ్గరి పూర్ణాంకానికి సవరించి: కేరళ 94, తమిళనాడు 80, కర్ణాటక 75, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 67, బీహార్ 62. కూడండి, 378 వస్తుంది! ఇవి ఒకే మొత్తంలో వాటాలు కావు, ఏ రాష్ట్రం శాతం ఆ రాష్ట్రానిదే. అలాంటివాటిని ఒకే గుండ్రంలో ఇరికిస్తే, 94 అని రాసున్న కేరళ ముక్క పావు వంతే కనిపిస్తుంది. పైగా వెనక పుస్తకాల ఫొటో, అక్షరాలకి నీడలు, ముక్కకో రంగు. లెక్క ఎక్కడిదో మాత్రం ఎక్కడా లేదు.

దాన్ని డేటార్యాపర్ అనే చార్టులు గీసే టూల్‌లో మళ్లీ చేశాను. బెర్లిన్ కంపెనీది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫ్రీగా మొదలుపెట్టొచ్చు. ఎక్సెల్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే చాలు. (పాత డీటీపీ ఫైళ్లలోంచి అను ఫాంట్ తెలుగు తెచ్చి పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి, అది ఈ టూల్ తప్పు కాదు.) ఈసారి పై చార్టు బదులు బార్ చార్టు వేశాను: బార్లు సున్నా నుంచి మొదలవుతాయి, ఎక్కువ నుంచి తక్కువకి వరసలో పెట్టడానికి ఒక్క టిక్కు. అన్నిటికీ బూడిద రంగు వేసి మనదానికొక్కదానికే ముదురు నీలం ఇచ్చాను, చూడగానే కన్ను అక్కడికే పోతోంది. కోణాలకన్నా పొడవుల్నే మనుషులు సరిగ్గా పోల్చగలరని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1984లోనే ప్రయోగాలతో చూపించారు, అయినా పై చార్టు మోజు మనల్ని వదలదు.

నాకు బాగా నచ్చింది రేంజ్ ప్లాట్. ఒక్కో రాష్ట్రానికి ఒక గీత, ఒక చివర ఆడవాళ్ల అక్షరాస్యత, ఇంకో చివర మగవాళ్లది. కేరళలో ఆ తేడా 4 పాయింట్లే, మన ఉమ్మడి రాష్ట్రంలో 16, బీహార్‌లో 20. అసలు చెప్పాల్సిన విషయం ఇదే కదా! పాత బొమ్మలో ఈ సంగతే లేదు. కొత్తదాంట్లో పొట్టి గీత, పొడుగు గీత చూస్తే చదవడం రాని పెద్దాయనకి కూడా అర్థమవుతుంది.

సోర్స్‌కి, నోట్‌కి విడివిడిగా ఖాళీలుంటాయి, వాటిని వదిలేయకండి. ఈ శాతాలు 7 ఏళ్లు, ఆపై వయసువాళ్లవని, లెక్క తీసినప్పటికి తెలంగాణ ఏర్పడలేదని నోట్‌లో రాశాను, లేకపోతే "మా తెలంగాణ ఏదండీ?" అని అడగనివాళ్లుండరు. రంగుల తేడా సరిగ్గా తెలియనివాళ్లకి మన చార్టు ఎలా కనిపిస్తుందో చూసుకునే సదుపాయం కూడా ఉంది.

ఇక చిరాకులు. మెనూలు తెలుగులో లేవు. ఫ్రీ ప్లాన్‌లో చార్టు కింద వాళ్ల పేరు ఉంటుంది. ప్రింటుకి పనికొచ్చే పీడీఎఫ్, ఎస్‌వీజీ కావాలంటే డబ్బు కట్టాలి, మనలాంటి చిన్న సంస్థలకి ఆ ధర బరువే. బొమ్మలు, ఐకాన్‌లతో కళకళలాడే పోస్టర్ కావాలనుకునేవాళ్లు ఇటు రావద్దు, కాన్వా చూసుకోండి. వాట్సాప్‌లో పంపడానికి, వెబ్‌సైట్‌లో పెట్టడానికైతే మాత్రం కళ్లు మూసుకుని వాడొచ్చు. 5కి 4 ఇస్తాను, ఆ ఒక్కటీ పీడీఎఫ్ కోసమే తగ్గించాను.