ఎ మీటింగ్ బై ద రివర్: పదకొండేళ్లు విన్నాక

మన మోహనవీణ విద్వాంసుడు విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ కలిసి వాయించిన ఈ సీడీ పేరు వినని ఆడియోఫైల్స్, అంటే శబ్ద నాణ్యత మీద పిచ్చి ఉన్నవాళ్లు, తక్కువ. 1993లో వచ్చింది, మరుసటి ఏడాది గ్రామీ అందుకుంది. నాలుగే ట్రాకులు, దాదాపు 40 నిమిషాలు. వాయించిన తీరు గురించి చాలామంది రాశారు, నేను మళ్లీ చెప్పను. ఇన్నేళ్లుగా నన్ను ఈ సీడీకి కట్టిపడేసింది ఒక్కటే: ఇందులో వినిపించే గది.

అవును, గదే. మోహనవీణ అంటే గిటార్‌ని మార్చి భట్ గారు తయారుచేసుకున్న వాద్యం. దాని తీగల మీద ఆయన కడ్డీ జార్చి ఆపాక, ఆయన మీటకుండానే మోగే తరబ్ తీగలు కాసేపు సన్నగా పాడుతూ ఉంటాయి. వాటి వెనకాల ఇంకొకటి వినిపిస్తుంది: ఆ నాదం ఎక్కడో ఎత్తున తగిలి, నెమ్మదిగా కిందికి దిగి, ఆగిపోవడం. పాత గుళ్లో గంట కొట్టి పక్కకు జరిగి నిలబడితే తెలిసే అనుభూతి అది. రికార్డింగ్ జరిగింది కాలిఫోర్నియాలో, శాంటా బార్బరాలోని ఒక ప్రార్థనామందిరంలో. ఆ మందిరం ఎత్తు నా హాల్లో కూర్చున్నా తెలుస్తుంది. లక్షల ఖరీదు చేసే సిస్టమ్ కాదు నాది, మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లే.

ఇది ఎలా సాధ్యమైందో తెలిశాక నా ఇష్టం ఇంకా పెరిగింది. వాటర్ లిలీ అకౌస్టిక్స్ అనే చిన్న కంపెనీ నడిపిన కవిచంద్రన్ అలెగ్జాండర్ దీన్ని బ్లమ్‌లైన్ పద్ధతిలో రికార్డు చేశారు. 1931లో ఇంగ్లండ్‌లో అలాన్ బ్లమ్‌లైన్ పేటెంట్ కోసం పెట్టిన ఆలోచన అది. రెండు మైకుల్ని ఒకదాని మీద ఒకటి, అడ్డంగా తిప్పి పెడతారు. ఈ రకం మైకు ముందు ఎంత బాగా వింటుందో వెనకా అంతే బాగా వింటుంది. అంటే ఎదురుగా కూర్చున్న మనుషులతో పాటు వెనక ఉన్న ఖాళీ కూడా టేపు మీదికి వస్తుంది. పాత రేడియోల్లో ఉండేలాంటి వాల్వులతో చేయించుకున్న పరికరాలు, మామూలు ఎనలాగ్ టేపు. బేస్, ట్రెబుల్ సర్దే ఈక్వలైజర్ లేదు, పెద్ద చిన్న శబ్దాల తేడా తగ్గించే కంప్రెషన్ లేదు, టేపు గరగర తగ్గించే నాయిస్ రిడక్షన్ లేదు. తబలా ఎక్కువైతే మీట తిప్పి తగ్గించే వీలు లేదు, తబలా ఆయన్నే కాస్త వెనక్కి జరిపి కూర్చోబెట్టాలి. పైగా భట్, కూడర్ ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నది రికార్డింగ్ మొదలవడానికి కాసేపటి ముందే.

ఇక అసలు సంగతి. మూడేళ్ల కిందట మేము అద్దె ఇంటి నుంచి ఇప్పుడున్న ఫ్లాటుకి మారాం. స్పీకర్ వైర్లు గోడలోంచి తీయించుకుందామని ఎలక్ట్రీషియన్ చేత పైపు వేయించి, మధ్యలో జాయింట్ వేయించాను. చక్కగా, వైర్లు కనిపించకుండా చేసి వెళ్లాడు. తర్వాత నాలుగు నెలలు పాటలు వింటూనే ఉన్నాం. బేస్ కొంచెం పలచబడినట్టు ఉండేది. కొత్త హాలు పెద్దది, కింద టైల్స్, గోడలు బోసిగా ఉన్నాయి, అందుకే కాబోలు అనుకున్నాను. వంట చేస్తూ, ఇల్లు సర్దుకుంటూ వినే పాటలకి అంతకంటే పట్టించుకోలేదు.

ఒక ఆదివారం తీరిక దొరికి ఈ సీడీ పెట్టాను. రెండు నిమిషాలకే ఏదో తేడా కొట్టింది. వాద్యాలు మోగుతున్నాయి కానీ ఎక్కడున్నాయో తెలియడం లేదు. మా అమ్మాయి సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది: "నాన్నా, ఇంతకుముందు వీళ్లు ఎదురుగా ఉండేవాళ్లు కదా. ఇప్పుడు నా చెవుల పక్కన కూర్చుని వాయిస్తున్నట్టుంది." అచ్చంగా అదే. వాద్యాలు చెదిరిపోయాయి, గది మాత్రం వింతగా మధ్యకొచ్చి నిలబడింది.

స్పీకర్లు జరిపాను. కార్పెట్ కొన్నాను. సిస్టమ్ కొన్న షాపుకి వెళ్లి అడిగితే, ఒక్కసారి వచ్చి చూడకుండానే కేబుల్ మార్చమన్నారు. 14 వేలు పెట్టి కొన్నాను. గోడలో ఉన్న జాయింటు దాకా పాత వైరు, ఆ పైన కొత్త కేబుల్. తేడా రాలేదు. తిరిగి ఇస్తామంటే ప్యాకింగ్ విప్పారుగా అన్నారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అడిగిన వాడికి అమ్మడం కంటే ముందు రెండు ప్రశ్నలు వేయడం వాళ్ల పని.

చివరికి పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన ఫోన్లో చెప్పిన చిట్కా పనిచేసింది. ఆంప్లిఫయర్ దగ్గర వైర్లు విప్పి, ఒక పెన్సిల్ సెల్ తీసుకుని, ఎర్ర వైరు ప్లస్ వైపు, నల్ల వైరు మైనస్ వైపు ఒక్క క్షణం తాకించాలి. తాకించినప్పుడు స్పీకర్ కోన్, అంటే ముందు కనిపించే గిన్నెలాంటి భాగం, ఎటు కదులుతుందో చూడాలి. ఎడమది టప్పుమని బయటికి వచ్చింది. కుడిది లోపలికి పోయింది. మళ్లీ చేశాను, మళ్లీ లోపలికే. గోడలోని జాయింట్‌లో ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారయ్యాయి. ఆ జాయింట్ తెరిచి ఇటుది అటు మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఈ సీడీనే ఎందుకు పట్టించిందో తర్వాత అర్థమైంది. బ్లమ్‌లైన్ పద్ధతిలో ఎదురుగా ఉన్న వాద్యం శబ్దం రెండు మైకుల్లోకీ ఒకే తీరుగా వెళ్తుంది. పక్కల నుంచి తిరిగొచ్చే గది శబ్దం ఒక మైకులో సూటిగా, రెండోదాంట్లో తిరగబడి, అంటే ఒకటి ముందుకు నెడితే రెండోది వెనక్కి లాగినట్టు, వెళ్తుంది. ఒక స్పీకర్ వైర్లు తారుమారయ్యేసరికి ఈ రెండూ తమ చోట్లు మార్చుకున్నాయి. గది ఎదురుగా వచ్చి, మనుషులు పక్కలకు పోయారు. మా అమ్మాయి అన్నది అక్షరాలా నిజం. ఆ రాత్రి మొదటి ట్రాక్ మళ్లీ పెట్టినప్పుడు మోహనవీణ తన చోట కూర్చుంది, తబలా జతలోని బాయా మోత ఎక్కడో వెనక గోడకి తగిలి తిరిగొచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇదంతా చదివి వెంటనే కొనేయమని మాత్రం చెప్పను. కొన్న కొత్తలో స్నేహితులందరికీ "ఇది వినకుండా సిస్టమ్ కొనొద్దు" అని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఇందులో లోతైన బేస్ పెద్దగా లేదు, గొంతు లేదు. కాబట్టి స్పీకర్‌ని పూర్తిగా పరీక్షించడానికి ఇదొక్కటే సరిపోదు. రెండు మైకులు, కంప్రెషన్ లేకపోవడం, వీటివల్లే ఇంత బాగుందని కూడా అప్పట్లో నమ్మాను. ఆ తర్వాత అదే పద్ధతిలో చేసినవి కొన్ని తెప్పించుకున్నాను, ఒకటి రెండు చప్పగా ఉన్నాయి. మరోపక్క మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్క్‌లో చేసిన కైండ్ ఆఫ్ బ్లూ ఉంది. దానికి చాలా మైకులు వాడారు, మూడు ట్రాకుల టేపు మీద తీశారు. అయినా అందులోనూ గది బ్రహ్మాండంగా వినిపిస్తుంది. ఆ స్టూడియో కూడా ఒకప్పటి చర్చే. కాబట్టి పద్ధతి కంటే మంచి గది, ఒకేసారి కలిసి వాయించే మనుషులు, తర్వాత దాన్ని చెడగొట్టకుండా వదిలేసే ఇంజనీరు, ఈ మూడే ముఖ్యమని ఇప్పుడు అనుకుంటున్నాను. ఘంటసాల గారి పాత మోనో పాటల్లో గరగర ఉన్నా గొంతు ఎదురుగా నిలబడటం చూస్తే, ఆ మాట మన దగ్గరా నిజమేననిపిస్తుంది.

ఇంకో ఇబ్బంది, ఈ సీడీ నిశ్శబ్దం అడుగుతుంది. సన్న శబ్దాలు సన్నగానే వదిలేశారు కదా, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే తరబ్ తీగలు అందులో కలిసిపోతాయి. పక్కింట్లో కుక్కర్ కూత వేసినా అంతే. కారులో పెడితే సగం వినపడదు. హెడ్‌ఫోన్స్‌లో తీగల వివరం బాగా తెలుస్తుంది కానీ ఆ ఎత్తు రాదు, దీన్ని స్పీకర్ల కోసమే చేశారు. ఎస్ఏసీడీగా, అంటే ఇంకా ఎక్కువ వివరం పట్టే ఖరీదైన రకం సీడీగా, వచ్చినది కూడా స్నేహితుడి ఇంట్లో విన్నాను. నా చెవులకి, నా వయసుకి, ఖర్చుకు తగ్గ తేడా తెలియలేదు. మామూలు సీడీ నాకు చాలు.

మీకు రెండు స్పీకర్లు సరిగ్గా పెట్టుకునే చోటు, రాత్రి పది తర్వాత ఓ గంట ప్రశాంతత ఉంటే, పాత సీడీ దొరికినా తీసుకోండి. పిల్లల చదువులు, పెద్దవాళ్ల టీవీ ఉన్న ఇల్లయితే కొన్నాళ్లు ఆగడమే మంచిది. నేనైతే డిసెంబరు, జనవరి కోసం చూస్తూ ఉంటాను. ఆ రెండు నెలలే మా ఇంట్లో ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, చివరి ట్రాక్ దాకా కదలకుండా కూర్చునే వీలు.