పికప్‌కు ఇంట్లోనే సర్వీసు: ఏళ్ల తరబడి వాడిన పనిముట్లపై నా సమీక్ష

నా దగ్గరున్నది మామూలు డీజిల్ పికప్. నిచ్చెన ఆకారపు చాసిస్, వెనక కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు), వెనక చక్రాలకే పవర్. బరువు మోస్తుంది, మట్టి దారుల్లో తిరుగుతుంది, వానకు తడుస్తుంది. ఇంజిన్ ఆయిల్ మార్చడం దగ్గర్నుంచి కమాన్ బుష్‌లు (బోల్టుల చుట్టూ ఉండే తొడుగులు) వేయడం దాకా దాని పనులు చాలావరకు ఇంటి దగ్గర నేనే చేసుకుంటున్నాను. ఈ పని కోసం కొన్న పనిముట్లలో ఏవి ఏళ్ల తరబడి నిలబడ్డాయి, ఏవి లేకపోయినా గడిచిపోతుంది, ఏవి లేకుండా అసలు పని మొదలుపెట్టకూడదు అన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కారు కోసం కూర్చిన పనిముట్ల పెట్టె పికప్‌కు సరిపోదు. కారుకు ఇంట్లో చేసుకునే పని ఎక్కువగా బానెట్ కిందే ఉంటుంది. పికప్‌కు మాత్రం ఎక్కువ పని బండి అడుగునే. గేరుబాక్స్ నుంచి వెనక ఇరుసుకు పవర్ చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, అది వంగుతూ తిరగడానికి కొసల్లో ఉండే క్రాస్‌లు, కమాన్‌లు, యూ బోల్టులు, రెండు వెనక చక్రాలకూ పవర్ పంచే డిఫరెన్షియల్, స్టెప్నీని వేలాడదీసే గొలుసు, అన్నీ అక్కడే. బరువు దెబ్బ తగిలేదీ, బురద పట్టేదీ వాటికే. అందుకే నా మాట ఒక్కటే: డబ్బులు ముందు బండిని ఎత్తి నిలబెట్టే సామానుకు పెట్టండి, ఆ తర్వాత గ్రీజు గన్‌కు. ఇంజిన్ లోపాల కోడ్‌లు చదివే స్కానర్ సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

జాకీతో మొదలుపెడతాను. బండితో పాటు వచ్చే జాకీ దారిలో టైరు మార్చుకోవడానికే. ఇంటి పనికి 3 టన్నుల ట్రాలీ జాకీ తీసుకున్నాను, ఆ నిర్ణయం మీద ఇప్పటికీ తృప్తిగా ఉంది. కొనేటప్పుడు టన్నుల కంటే ఎంత ఎత్తుకు లేస్తుందో చూడండి. పికప్ చాసిస్ అసలే ఎత్తు. పైగా చాసిస్ కింద జాకీ పెట్టి లేపితే కమాన్‌లు సాగుతూ చక్రం నేల మీదే ఉండిపోతుంది. జాకీ హద్దు అయిపోతుంది, టైరు మాత్రం లేవదు. చక్రం ఊడదీయడమే పని అయితే ఇరుసు కింద పెట్టి లేపాలి, కాస్త లేపగానే చాలు. కమాన్ పనో, షాక్ అబ్జార్బర్ పనో అయితే చాసిస్‌ను ఎత్తి ఇరుసును వేలాడనివ్వాలి. ఈ తేడా తెలిస్తే సగం అవస్థ తప్పుతుంది.

కొన్నేళ్లు వాడాక నా జాకీ మెల్లగా దిగడం మొదలైంది. సీలు అరిగితే ఏ జాకీ అయినా అంతే. సీలు మార్చి, జాకీ ఆయిల్ నింపి, లోపలి గాలి తీసేస్తే మళ్లీ బాగా పనిచేస్తోంది. అందులో బ్రేక్ ఆయిల్ మాత్రం పోయకండి, సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. జాకీ ఎంత మంచిదైనా అది ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. నిలబెట్టేవి స్టాండ్లు. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, పళ్ల మీద ఆగేవి, అడ్డంగా పిన్ను దూర్చేవి. నాకు నమ్మకం పిన్ను రకం మీదే. పిన్ను పూర్తిగా అవతలికి వచ్చిందో లేదో కంటికి కనిపిస్తుంది. పళ్ల రకంలో పట్టు సగమే పడినా పైకి తెలియదు. స్టాండ్ల మీద దించాక, కిందికి దూరకముందే బండిని గట్టిగా తోసి ఊపి చూస్తాను. కదిలితే మళ్లీ ఎత్తి సర్దాల్సిందే. నేల మెత్తగా ఉంటే స్టాండు కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేస్తాను. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లకు బదులుగా ఎప్పుడూ వద్దు. అవి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగులుతాయి.

ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గేరులో పెట్టాం కదా, బండి కదలదు అనుకోవడం ప్రమాదం. లాక్ లేని మామూలు డిఫరెన్షియల్ ఉన్న పికప్‌లో ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందంటే, గేరులో ఉన్నా రెండో చక్రం దొర్లగలదు. గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతుంది, నేల మీదున్నది ముందుకు పోతుంది, అంతే. ఇక వెనక ఇరుసు మొత్తం ఎత్తితే, వెనక చక్రాల మీద పనిచేసే హ్యాండ్ బ్రేక్ కూడా బండిని ఆపలేదు. కాబట్టి నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా గట్టి దిమ్మెలు అడ్డం పెట్టాకే జాకీ ముట్టుకుంటాను. నా సామాను మొత్తంలో అతి చవకైనవి ఆ రబ్బరు దిమ్మెలే. అవి లేకుండా మాత్రం నేను ఏ పనీ చేయను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పనిముట్టు, గ్రీజు గన్. ఒక చేత్తో ట్రిగ్గరు నొక్కే రకం తీసుకున్నాను. బండి కింద వెల్లకిలా పడుకుని రెండు చేతులతో లివర్ కొట్టడం నరకం. రెండో చెయ్యి గొట్టం కొసను నిప్పుల్ (గ్రీజు లోపలికి పోయే చిన్న మూతి) మీద పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. గన్‌తో వచ్చిన కొస నిప్పుల్‌ను సరిగా పట్టక గ్రీజు బయటికే కారేది. దాన్ని తీసేసి లాక్ అయ్యే కప్లర్ వేశాను. ఈ ఒక్క మార్పుతో పని పూర్తిగా మారిపోయింది. నిప్పుల్ మీద క్లిక్‌మని కూర్చుంటుంది, గ్రీజంతా లోపలికే పోతుంది. కొత్త గ్రీజు ట్యూబు వేసినప్పుడు లోపల గాలి చిక్కుకుని గన్ ఖాళీగా కొడుతుంది. తల భాగాన్ని కొంచెం వదులు చేసి రెండు మూడు సార్లు నొక్కితే గాలి పోతుంది.

క్రాస్‌లకు గ్రీజు పెట్టేటప్పుడు నాలుగు కప్పుల అంచుల్లోంచీ కొత్త గ్రీజు కనిపించేదాకా నొక్కాలి. ఒక కప్పులోంచి రాకపోతే అక్కడ దారి మూసుకుపోయినట్టు. షాఫ్టును కాస్త తిప్పి, చేత్తో అటూ ఇటూ ఊపుతూ మళ్లీ ప్రయత్నిస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది. కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే మాత్రం లోపలి సూదుల్లాంటి రోలర్లు ఎండిపోయి అరుగుతున్నాయని అర్థం. ఆ దశలో గ్రీజుతో లాభం లేదు, క్రాస్ మార్చాలి. ముందు గేరు నుంచి రివర్సుకు వేసినప్పుడు కింద టక్కుమనే శబ్దం, నెమ్మదిగా వెళ్తుంటే చక్రాల వేగంతో పాటు పెరిగే కిచకిచ, ఇవి ముందుగా వచ్చే సూచనలు. బురద నీళ్లలోంచి వెళ్లొచ్చిన తర్వాత, కిలోమీటర్ల లెక్క చూడకుండా ఒకసారి గ్రీజు కొట్టడం నా అలవాటు. నీళ్లను బయటికి తోసేసేది ఆ కొత్త గ్రీజే. అన్నట్టు, గ్రీజు రకం మాటిమాటికీ మార్చకండి. లిథియం గ్రీజూ, పాలీయూరియా గ్రీజూ కలిస్తే చాలాసార్లు రెండూ పలచబడి కారిపోతాయి. మాన్యువల్ ఏది చెబితే దానికే కట్టుబడండి.

నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ విషయంలో నాకు మొదట్లో అంత నమ్మకం ఉండేది కాదు. చేతికి తెలుస్తుంది కదా అనిపించేది. వాడుతుంటే దాని విలువ అర్థమైంది. నాది అర అంగుళం డ్రైవ్, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా చూపే క్లిక్ రకం. ఇలాంటి వాటికి ప్రమాణాలు ఒప్పుకునే తేడా సాధారణంగా 4 శాతం అటూ ఇటూ. చక్రాల నట్లకు అది చాలు. ఎదురెదురుగా ఉన్న నట్లను వరసగా బిగించి, చివరి బిగింపు చక్రం నేలకు ఆనాకే చేస్తాను. మాన్యువల్ ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ నట్లు ఎక్కే స్టడ్ల మరలకు ఆయిల్ రాయను. ఆయిల్ రాస్తే రెంచ్ అదే అంకె చూపుతుంది, బోల్టు మీద లాగుడు మాత్రం చాలా ఎక్కువైపోతుంది. చక్రం తీసి వేశాక వంద కిలోమీటర్ల లోపు ఇంకోసారి చూడడం తప్పనిసరి. పని అయ్యాక రెంచ్‌ను దాని అతి తక్కువ అంకెకు తిప్పి పెడతాను, లేకపోతే లోపలి స్ప్రింగ్ సడలుతుంది. పట్టేసిన నట్లను విప్పడానికి అసలు వాడను, దానికి పొడవాటి రాడ్డు వేరే ఉంది. పికప్‌లో ఈ రెంచ్ అసలు పని యూ బోల్టుల దగ్గర. కమాన్ పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచేవి అవే. కమాన్ పని జరిగాక పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని యూ బోల్టులు వదులవుతాయి. బరువుతో కొంత తిరిగాక మళ్లీ బిగించాల్సిందే. ఇక కమాన్ బుష్‌లు రబ్బరువైతే వాటి బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి. గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే పట్టుకుంటుంది, తొందరగా చిరుగుతుంది.

స్కానర్ గురించి మిశ్రమ అభిప్రాయం ఉంది. డాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్లో దూర్చి ఫోన్లో చూసుకునే చిన్న అడాప్టర్ నాది. కోడ్ చదువుతుంది, లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి ఎంతున్నాయో కూడా చూపిస్తుంది. ఆ రెండో సంగతి చాలా ఉపయోగం. కానీ కోడ్ అంటే రోగ లక్షణమే, రోగం పేరు కాదు. నా బండిలో ఒకసారి పీ0087 వచ్చింది, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో (దీన్నే రైల్ అంటారు) ఇంధన ఒత్తిడి తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడే వస్తోంది. ఆ కోడ్ చూస్తే ఎవరికైనా హై ప్రెజర్ పంపు పోయిందేమోనని టెన్షన్ పట్టుకుంటుంది. ముందు డీజిల్ ఫిల్టర్ మార్చి చూశాను, అక్కడితో పోయింది. మూసుకుపోయిన ఫిల్టర్ కూడా అదే కోడ్ చూపిస్తుంది మరి. అందుకే చవకైనదీ, అందుబాటులో ఉన్నదీ ముందు చూడాలి.

డీజిల్ ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి, దాని అడుగున నీళ్లు వదిలే మర ఉంటుంది. దాన్ని అప్పుడప్పుడు విప్పి గాజు సీసాలోకి పట్టండి. నీళ్లుంటే డీజిల్ కింద వేరుగా పేరుకుంటాయి, కంటికి కనబడుతుంది. నీళ్లు ఇంజెక్టర్ల దాకా వెళ్లాయంటే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. ఫిల్టర్ మార్చాక చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి గాలి తీయాలి. అయితే ఇలా ఒకే రైల్ నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్‌లో గాలి తీయడానికని నడుస్తున్న ఇంజిన్ మీద ఇంజెక్టర్ పైపు వదులు చేయడం ఎంతమాత్రం వద్దు. అక్కడ ఒత్తిడి 1600 బార్లు కూడా దాటొచ్చు. ఆ సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన ప్రమాదం అది.

డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడం సులువైన పని. ముందు పైనున్న నింపే ప్లగ్గు విప్పండి, అది వచ్చాకే కిందిది ముట్టుకోండి. ఆయిలంతా వదిలేశాక పై ప్లగ్గు రాకపోతే బండి కదలలేదు. ఇరుసు పైన చిన్న గాలి గొట్టం ఉంటుంది, బ్రీదర్. అది బురదతో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిల్ సీలు దాటి బ్రేకు డ్రమ్ములోకి కారుతుంది. సీలు మార్చినా మళ్లీ కారుతోందంటే ముందు బ్రీదర్ చూడండి.

మల్టీమీటర్ చిన్నదైనా ఫర్వాలేదు. ఇంజిన్ ఆపి కాసేపు వదిలేశాక బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 చూపిస్తే ఛార్జింగ్ బాగున్నట్టే.

బ్రేకులు నేనే చూసుకుంటాను, కానీ ఒక హద్దు పెట్టుకున్నాను. లైనర్లు, ప్యాడ్లు మారుస్తాను. డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదను, తడిపి తుడుస్తాను. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగేది తేమ పట్టాక 155 దాకా పడిపోవచ్చు. బరువుతో ఘాట్ దిగే బండికి ఈ తేడా చిన్నది కాదు, అందుకే రెండేళ్లకోసారి మారుస్తాను. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఒక లింకుతో వాల్వు ఉంటుంది. బరువు పెరిగి బండి వెనక కుంగితే వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. అదనపు కమాన్ పట్టీ వేయిస్తే బండి కుంగడం తగ్గుతుంది, వాల్వు మాత్రం బరువు లేదనుకుంటుంది. కాబట్టి కమాన్‌లు మార్చినప్పుడల్లా ఆ లింకును సరిచేయించాలి. ఈ సర్దుబాటు నేను చేయను, కొలిచే గేజీలున్న వర్క్‌షాపులోనే చేయిస్తాను. ఇంజెక్షన్ పంపు, టైమింగ్ బెల్టు, గేరుబాక్స్ లోపలి పనీ అంతే.

ఇంకొకటి, దాదాపు అందరూ మరిచిపోయేది. వెనక ట్రాలీ కింద స్టెప్నీని వేలాడదీసే గొలుసు యంత్రం ఎప్పుడూ బురదలోనే ఉంటుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ స్టెప్నీని పూర్తిగా కిందికి దించి, గొలుసుకు గ్రీజు రాసి, టైరులో గాలి చూసి మళ్లీ ఎక్కిస్తాను. తుప్పు పట్టి బిగుసుకుపోతే పంక్చరైన రోజున కోసి తీయాల్సిందే. ఇలా దించి ఎక్కించడానికి జాకీ కూడా అక్కర్లేదు, బండితో వచ్చిన రాడ్డు చాలు.