ఆషాఢంలో చూసి కొన్న గాలిమర

దేవరకొండ దగ్గర మా బత్తాయి తోటలో ఒక కిలోవాట్ గాలిమర పెట్టించి మూడు ఆషాఢాలు దాటాయి. స్తంభం, బ్యాటరీలతో కలిపి 1,30,000 రూపాయలైంది. ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని, మార్కుల దగ్గర మొహమాటం లేదు.

యంత్రం మంచిదే. మూడు ఫైబర్ రెక్కలు, చివరి నుంచి చివరికి 2.4 మీటర్లు. పునర్వసు కార్తెలో పడమటి గాలి తోసుకొస్తుంటే తోక ఒక్క కుదుపుతో తిరుగుతుంది, ఆపై తుమ్మెద రొద లాంటి సన్నని చప్పుడు. ఆ రాత్రులు పంపు గది దీపాలు, కాపలా మనిషి ఫ్యాను, ఫోన్లు అన్నీ దీని మీదే. ఒకసారి ఈదురుగాలికి పక్కనున్న వేప కొమ్మ విరిగి పడింది కానీ స్తంభం చెక్కు చెదరలేదు.

పోయిన రెండు మార్కులూ అమ్మిన తీరుకే. 2021 జూలైలో కంపెనీ మనిషి గట్టు మీద నిలబడి, చేతిలోని మీటరు చూపించి, "సెకనుకు ఏడు మీటర్లు సార్, మీకు ఢోకా లేదు" అన్నాడు. ఏ ఏడాది, ఏ నెల అని అడగాల్సినవాణ్ని అడ్వాన్సు ఇచ్చేశాను.

నా నోటుబుక్కులో లెక్క ఇది: 2022 జూలైలో 61 యూనిట్లు, 2023 జూలైలో 44, ఆ మరుసటి జూలైలో 55. ఏ డిసెంబరులోనూ 10 దాటలేదు. "మీ గాలిమరకు చలికాలం సెలవులా?" అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది.

61కీ 44కీ మధ్య గాలి ఏమంత మారిందని? గాలి నుంచి వచ్చే శక్తి వేగం ఘనానికి, అంటే వేగాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేదానికి, తగ్గట్టు పెరుగుతుంది. వేగం పదో వంతు తగ్గితే చాలు, కరెంటు 27 శాతం పోతుంది. సగానికి పడితే మిగిలేది ఎనిమిదో వంతు. దేశంలో నైరుతి వాన తక్కువా ఎక్కువా అని చెప్పడానికి వాతావరణ శాఖ 1971 నుంచి 2020 దాకా యాభై ఏళ్ల సగటు, 87 సెంటీమీటర్లు, ముందు పెట్టుకుంటుంది. నేను ఒక్క మధ్యాహ్నపు గాలిని నమ్మాను. పైగా గాలి కూడా ఏళ్ల తరబడి ఒకే తీరున ఉండదు. హిందూ మహాసముద్రం వేడెక్కడంతో 1980 నుంచి 2016 వరకు మన దేశంలో పవన విద్యుత్ అవకాశం సుమారు 13 శాతం తగ్గిందని 2018లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ పటాలు కూడా చూశాను. అవి 120, 150 మీటర్ల ఎత్తులోని గాలికి వేసినవి. నా స్తంభం తొమ్మిది మీటర్లు, పడమటి వైపు వేప చెట్లు.

సర్వీసు సంగతి: తోక దగ్గర బేరింగు కీచుమంటోందని ఫోను చేస్తే పందొమ్మిదో రోజున కుర్రాడొచ్చాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, గ్రీజు డబ్బా కూడా వదిలి వెళ్లాడు.

కిందటేడు రెండు సోలార్ పలకలు కలిపాను, చలికాలం గడిచిపోతోంది. కొనే ఆలోచన ఉంటే మా తోటకు వచ్చి చూడండి. జూలైలో వద్దు, డిసెంబరులో రండి.