రాణిగారి పటం బాగుంది, బస మాత్రం దోపిడీ

ఇంగ్లాండులో ఆష్‌డౌన్ హౌస్ అనే పాత భవనం చూడ్డానికి వెళ్తూ స్విండన్ ఊళ్ళో మేం దిగిన బసకి రాత్రికి 112 పౌండ్లు. కార్ పార్కింగ్‌కి ఇంకో 12 అని పొద్దున బిల్లు చూశాకే తెలిసింది. బుక్ చేసినప్పుడు ఆ ఊసే లేదు. వెజిటేరియన్ బ్రేక్‌ఫాస్ట్ ఉందన్నారు కదా అని కూర్చుంటే, సాసేజ్ తీసేసిన ప్లేటే తెచ్చి పెట్టారు, నూనె మరక అలాగే ఉంది. అత్తయ్య ప్లేటు పక్కకి నెట్టి బ్యాగులోంచి అరిసెలు తీశారు. మా ఆయన రిసెప్షన్‌లో గొడవపడి ఓడిపోయి, లాంబోర్న్ ఊరు వచ్చేదాకా నోరు విప్పలేదు.

ఇంతా చేసి వెళ్ళింది ఆష్‌డౌన్ హౌస్‌లో ఎలిజబెత్ స్టువర్ట్ చిత్రపటాలు చూడ్డానికి. ఈవిడ ఇంగ్లాండు రాజు మొదటి జేమ్స్ కూతురు. భర్త ఫ్రెడరిక్ 1619లో బొహీమియాకి (ఇప్పటి చెక్ దేశంలో ఉంది) రాజయ్యాడు, మరుసటి ఏడాది నవంబరులోనే ప్రాగ్ దగ్గర వైట్ మౌంటెన్ యుద్ధంలో ఓడిపోయాడు. ఏలింది ఒక్క చలికాలమేనని ‘వింటర్ క్వీన్’ అని వెక్కిరించారు. తర్వాత నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో సుమారు నలభై ఏళ్ళ ప్రవాసం, 1632లో వైధవ్యం, పీకల దాకా అప్పులు, నగలు తాకట్టు.

భవనం తెల్లగా, నిటారుగా, బొమ్మరిల్లులా ఉంటుంది. ఆమెని ఆరాధించిన లార్డ్ క్రేవెన్ ఆమె కోసమే కట్టించాడంటారు. 1662లో లండన్‌లోనే పోయింది కాబట్టి ఇందులో ఉండే యోగం ఆమెకి లేకపోయింది. గదులు అద్దెకిచ్చేశారు, మనకి చూపించేది హాలు, మెట్లు, పైన డాబా అంతే. అయినా ఆ మెట్ల గోడలు చాలు. హాంట్‌హార్స్ట్, మీరెవెల్ట్ లాంటి చిత్రకారుల పటాలున్నాయి. హాంట్‌హార్స్ట్ ఆమె కూతురు లూయీజ్‌కి బొమ్మలు నేర్పిన గురువు కూడా.

అత్తయ్య రాణి ముందు చాలాసేపు నిలబడ్డారు. "తాకట్టు పెట్టిందన్నావు, మెడలో ముత్యాలున్నాయే!" అన్నారు. అసలు కిటుకు అదే. రాజ్యం పోయినా రాణినేనని గుర్తు చెయ్యడానికి అలాంటి పటాలు వేయించి బంధువులకీ, మద్దతిచ్చేవాళ్ళకీ పంపేది. నాకైతే ఆ బింకమే నచ్చింది. ఆమె మనవడే 1714లో బ్రిటన్ రాజయ్యాడంటే అత్తయ్య, "అయితే గెలిచినట్టేగా" అన్నారు.

పైకి దాదాపు వంద మెట్లు. అత్తయ్య మోకాళ్ళ నొప్పులతోనే ఎక్కారు. మా ఆయన పార్కింగ్ డబ్బుల బాధలో కిందే ఉండిపోయారు. కేఫ్ లేదు, పులిహోర కట్టుకెళ్ళండి. ఏడాదిలో కొన్ని నెలలు, వారంలో కొన్ని రోజులే గైడ్‌తో చూపిస్తారు, పాత భవనాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ సైట్ చూడకుండా బయల్దేరొద్దు. లండన్ నుంచి కారులో ఒక్క రోజులో వెళ్ళిరావచ్చు, రాత్రి బస శుద్ధ దండగ.