ఆపరేషన్ మచ్చ ఉబ్బకుండా ఏది మేలు: లేజరా, పీఆర్‌పీయా, రెండూ కలిపా?

అన్ని కోతలూ ఉబ్బవు. చర్మం లాగుడు ఎక్కువుండే చోటే భయం: ఛాతీ మధ్య, భుజం, వీపు పైభాగం. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఛాతీ మీద పడే నిలువు కోత అలాంటిదే. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ (గాయం గీత దాటి పక్కకు పెరిగే మచ్చ) ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

595 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పల్స్‌డ్ డై లేజర్ కాంతి మచ్చను పోషించే సన్నని రక్తనాళాలను మూసేస్తుంది. కుట్లు తీసినప్పటి నుంచి, పుండు పూర్తిగా మూసుకున్నాక, 3–4 వారాలకోసారి చేస్తారు. సాధారణంగా మూడు సిట్టింగులు పడతాయి. చిక్కల్లా మన చామనఛాయతోనే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది కనుక శక్తి ఎక్కువ పెడితే బొబ్బలు లేస్తాయి, నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. అందుకే తక్కువ శక్తితో, చర్మాన్ని చల్లబరుస్తూ, ముందు చిన్న చోట పరీక్షించి చేయాలి. ఆ పరీక్ష అక్కర్లేదనే క్లినిక్‌కు దూరంగా ఉండడమే మంచిది.

పీఆర్‌పీ అంటే మన రక్తమే 10–20 మి.లీ. తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని చర్మంలోకి ఎక్కించడం. పుండు మానడానికి సాయపడే పదార్థాలు అందులో ఉంటాయి. మచ్చను గట్టిపరిచే టీజీఎఫ్-బీటా కూడా వాటిలో ఒకటి! కాబట్టి ఉబ్బు ఆపడానికి పీఆర్‌పీ ఒక్కదాన్నే నమ్ముకోవడం దండగ.

రెండూ కలిపేటప్పుడు ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్‌తో సన్నని రంధ్రాలు చేసి, వెంటనే పీఆర్‌పీ పూస్తారు. ఎరుపు, వాపు త్వరగా తగ్గుతాయి. కానీ దీనిమీద జరిగిన పరిశోధన ఎక్కువగా మొటిమల గుంతల గురించే. ఎక్సోజోమ్‌లంటూ (కణాలు వదిలే అతి సూక్ష్మమైన బుడగలు) అమ్మేవాటికైతే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదమే లేదు.

అందరికీ మొదటి మెట్టు మచ్చ మీద పెట్టే సిలికానే. షీటు రోజుకు 12 గంటలకు పైగా, కనీసం రెండు మూడు నెలలు ఉంచాలి. మన ఎండాకాలంలో దానికింద చెమటపొక్కులు వస్తాయి. రోజూ షీటునూ చర్మాన్నీ సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాకే మళ్లీ పెట్టాలి. అయినా పొక్కితే సిలికాన్ జెల్‌కు మారండి: పలచగా, రోజుకు రెండుసార్లు. పైన సన్‌స్క్రీన్ మరవొద్దు. ఉబ్బే ప్రమాదం ఎక్కువున్నవాళ్లు సిలికాన్‌కు డై లేజర్ జోడిస్తే చాలు, పీఆర్‌పీ డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఇవన్నీ చేసినా ఆరు, ఎనిమిది వారాలకు మచ్చ గట్టిపడి దురద పెడితే ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. కోత గీత దాటి పక్కకు పాకుతుంటే అది కీలాయిడ్. దానికి లేజర్ ఒక్కటే చాలదు, ఊరికే కోసి తీసేస్తే మళ్లీ వస్తుంది.