విద్యార్థుల వాహన నమూనాల పోలికకు ఓపెన్‌ఫోమ్: కొన్నేళ్ల వాడకం తరువాత

ఒంగోలు పరిసరాల్లోని ఇంజనీరింగు విద్యార్థులు ఇంధన పొదుపు పోటీల కోసం రూపొందించే మూడు చక్రాల వాహనాల నమూనాలను కొన్నేళ్లుగా, కంప్యూటరుపై గాలి ప్రవాహాన్ని లెక్కకట్టే ఓపెన్‌ఫోమ్‌తో పోల్చి చూస్తున్నాను. 2004లో ఓపెన్ సోర్సుగా విడుదలైన ఈ సాఫ్ట్‌వేరుకు లైసెన్సు రుసుము లేదు కనుక, విండ్ టన్నెల్ (నమూనాపైకి గాలి వదిలి పరీక్షించే సొరంగం) అందుబాటులో లేని మా ప్రాంతానికి ఇది నిజంగా పెద్ద ఆసరా.

రెండు ఆకృతుల్లో ఏది మేలో తేల్చడానికి దీన్ని నమ్మవచ్చు గాని, అది ఇచ్చే డ్రాగ్ గుణకాన్ని, అంటే ఆకృతి వల్ల కలిగే గాలి నిరోధాన్ని (డ్రాగ్) తెలిపే సంఖ్యను, విడిగా తీసుకుని ప్రమాణంగా చెప్పుకోకూడదు. మెష్ (లెక్క కోసం గాలి ఉన్న చోటును విభజించే చిన్న గళ్లు) సాంద్రత, టర్బులెన్స్ మోడల్ (గాలి సుడులను అంచనా కట్టే పద్ధతి), గాలి వేగం, బండి కింద రోడ్డులా కదిలే నేల అన్నీ రెండింటికీ ఒకేలా ఉంచితేనే ఆ పోలికకు విలువ ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఎదురు వైశాల్యం, అంటే ముందు నుంచి చూస్తే బండి కనిపించే వైశాల్యం. గాలి నిరోధ బలాన్ని దీనితో భాగించే గుణకాన్ని లెక్కిస్తారు. దాన్ని సాఫ్ట్‌వేరు తనంతట తాను లెక్కకట్టదు, మనమే ఇవ్వాలి. విద్యార్థులు సాధారణంగా దీనితో వచ్చే మోటర్‌బైక్ ఉదాహరణను నకలు చేసుకుని మొదలుపెడతారు. అందులో ఆ విలువ 0.75 చదరపు మీటర్లు. అన్ని జట్లూ దాన్ని అలాగే వదిలేస్తే గుణకాలు తప్పైనా ఏ బండి మేలో చెప్పే వరుస మాత్రం సరిగ్గానే వస్తుంది. ఒక జట్టు మార్చి మరొకటి మార్చకపోతే వరుసే తారుమారు కావచ్చు. ఎవరి వైశాల్యం వారు ఇచ్చినప్పుడు గుణకాన్ని ఒక్కదాన్నే పోల్చడం కూడా సరికాదు. గుణకం 0.20, వైశాల్యం 0.50 ఉన్న బండి కంటే గుణకం 0.22, వైశాల్యం 0.40 ఉన్న బండే మెరుగు, ఎందుకంటే గాలి నిరోధాన్ని నిర్ణయించేది ఆ రెండింటి లబ్ధం: మొదటిదానికి 0.100, రెండవదానికి 0.088.

విండోలూ బటన్లూ లేకుండా అన్నీ టెక్స్ట్ ఫైళ్లలో రాయవలసి రావడం మొదట్లో కష్టమే. అయితే వేసవిలో కరెంటు పోయినా చివరగా భద్రపరచిన దశ నుంచి లెక్కను కొనసాగించగలగడం మాకు ఎంతో మేలు చేసింది.

వెనుక భాగపు వాలు విషయంలో మాత్రం దీని తీర్పును వెంటనే అంగీకరించను. 1984లో ప్రచురితమైన అహ్మద్ బాడీ (కారు ఆకృతిని సరళం చేసిన పరీక్షా నమూనా) ప్రయోగాల్లో వాలు 30 డిగ్రీలకు చేరేసరికి డ్రాగ్ బాగా పెరిగి, ఆ కోణం దాటగానే ఒక్కసారిగా పడిపోయింది. ఆ ప్రాంతంలో మేము వాడే, ప్రవాహం కాలంతో మారదని భావించే స్థిర ప్రవాహ పద్ధతులు తడబడతాయి. అటువంటి నమూనాలకు ఉన్ని పోగులు అంటించి, ఖాళీ రోడ్డుపై నడిపి వీడియో తీసి, గాలి బండి ఉపరితలం నుంచి ఎక్కడ విడిపోతున్నదో పారావ్యూ (లెక్క ఫలితాలను బొమ్మలుగా చూపే సాఫ్ట్‌వేరు) చిత్రంతో సరిచూడమని విద్యార్థులకు చెబుతున్నాను.