కాస్కేడ్ హాప్స్: పెంచడం తేలికే, దాచడమే కష్టం

బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు పూసేది హాప్స్ తీగ. పెరట్లో ఒక్క హాప్స్ తీగకే చోటుంటే ఆ చోటు కాస్కేడ్ రకానికే ఇవ్వాలి. ఏళ్ల తరబడి పెంచి, కోసి, బీరు కాచాక కూడా నా మాట ఇదే. అయితే దీని గొప్పతనమంతా కోత రోజు దాకానే. ఆ తరవాత ఆరబెట్టడంలోనో, దాచడంలోనో కాస్త అలసత్వం చూపితే చాలు, వాసన గాలికి పోతుంది. హాప్స్ రకాల్లో నిలవకు ఆగనివాటిలో ఇదొకటి.

ఇది అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు ఓరెగాన్‌లో తీసిన సంకర రకం. ఇంగ్లండు ఫగుల్, రష్యా సెరెబ్రియాంకా రకాలు రెండూ దీని వంశంలో ఉన్నాయి. 1956లో సేకరించిన విత్తనం నుంచి వచ్చిన మొక్క 1972లో రకంగా విడుదలైంది. సియెర్రా నెవాడా పేల్ ఏల్ అనే అమెరికా బీరులో తగిలే ఆ దబ్బపండు వాసన దీనిదే. హాప్స్‌ది గంజాయి కుటుంబమే. ఆడ, మగ మొక్కలు వేరువేరు, మనకు కావలసింది ఆడ పూలలోని పసుప్పచ్చ జిగురు. మత్తెక్కించే టీహెచ్‌సీ మాత్రం ఇందులో ఉండదు. సంకరం కాబట్టి విత్తనం వేస్తే తల్లి గుణాలు దిగవు, మగ మొక్కలూ వస్తాయి. ఎప్పుడూ దుంప ముక్కతోనే నాటుకోవాలి.

నాటే ముందు చూసుకోవలసింది నేల కాదు, పగటి పొడవు. హాప్స్‌కు చలికాలపు విశ్రాంతి, ఎండాకాలంలో సుదీర్ఘమైన పగలు రెండూ కావాలి. 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య బాగా వస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరవుతున్న కొద్దీ తీగ ఎత్తెదగకముందే పూతకొచ్చి, పిడికెడు పూలతో సరిపెడుతుంది. ఎరువు పెంచితే ఈ లోటు తీరదు.

మంచు భయం పోయాక 10–15 సెంటీమీటర్ల దుంపను మొగ్గలు పైకుండేలా అడ్డంగా, 5 సెంటీమీటర్ల లోతున పెట్టాలి. మొక్కకూ మొక్కకూ మీటరు ఎడం చాలు. నీరు నిలవని నేల కావాలి, పీహెచ్ 6–7 మధ్య ఉండాలి. మొదటి ఏడు వేళ్లు పట్టడానికే పోతుంది, పూర్తి కాపు మూడో ఏటికి. తీగ 5–6 మీటర్లు పాకుతుంది. అది నులితీగెలతో కాదు, కాండం మీది కొక్కేల్లాంటి నూగుతో పట్టుకుంటుంది. నైలాన్ తాడు మీద జారిపోతుంది, గరుకైన కొబ్బరి తాడు మీద మాత్రం గాలివానకు కూడా పట్టు వదలదు. ఒక్కో తాడుకు రెండు మూడు పిలకలే ఎక్కించి, మిగతావి నేలమట్టానికి కోసెయ్యాలి. అన్నీ ఉంచితే గుబురు పెరిగి, లోపల గాలి ఆడక తెగులు పడుతుంది. చుట్టేటప్పుడు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టాలి. ఎదురు చుడితే మర్నాటికి విప్పుకుంటుంది. చేతులకు నిండు చొక్కా తప్పదు, ఆ నూగు గీరుకుని దద్దుర్లు లేస్తాయి.

బూజు తెగులును కాస్కేడ్ బాగానే తట్టుకుంటుంది, అలాగని పూర్తిగా తప్పించుకోదు. వసంతంలో కొన్ని పిలకలు పాలిపోయి, కురచగా, ఆకులు కిందికి ముడుచుకుని లేస్తాయి. ఆకు అడుగున నల్లని బూజు ఉంటుంది. అవి కనబడ్డ రోజే మొదలంటా తీసి తోట బయట పారెయ్యాలి. తీగ తాడెక్కి నిలదొక్కుకున్నాక కింది 60–90 సెంటీమీటర్ల మేర ఆకులు తుంచేస్తే, నేల నుంచి చిమ్మే తడి పైకి చేరదు. ఎండలు ముదిరితే ఎర్రనల్లి వస్తుంది. పూత మొదలయ్యేసరికి నత్రజని ఆపెయ్యాలి. తరవాత వేసినదంతా ఆకుకే పోయి పేనుబంకకు మేతవుతుంది.

ఇక కోత. పచ్చి పువ్వు నొక్కితే తడిగా, మెత్తగా అణిగి అలాగే ఉండిపోతుంది. పక్వానికొచ్చింది కాగితంలా గరగరలాడి, వదలగానే తిరిగి ఉబ్బుతుంది. నిలువునా చీల్చి చూడండి: రేకుల మొదట్లో జిగురు పొడి లేత నిమ్మరంగులో ఉంటే ఇంకా ఆగాలి, ముదురు పసుపుకు తిరిగితే కొయ్యాలి. ఉల్లి ఘాటు తగులుతుంటే ఆలస్యమైనట్టే.

తాజా పూలలో ముప్పాతిక పైన నీరే. అంచనా మీద వదలకుండా, 100 గ్రాములు విడిగా తీసి, బరువు ఇక తగ్గదన్నంత వరకు ఓవెన్‌లో ఎండబెట్టండి. 20 గ్రాములు మిగిలిందనుకుంటే, అసలు పంటను ప్రతి కిలోకు 220 గ్రాముల దగ్గర ఆపాలి. అంటే 200 గ్రాములు ఎండు సరుకు, 20 గ్రాములు నీరు, తేమ 10 శాతం లోపు. వేడి 50 డిగ్రీలు దాటనివ్వకండి, గాలి మాత్రం ధారాళంగా ఆడాలి. రేకులు ముందే ఎండి మోసం చేస్తాయి, పువ్వు మధ్యలోని ఈనె వంగకుండా పుటుక్కున విరిగితేనే ఆరినట్టు. ఈనెలో తడి ఉండగా సంచీలో కడితే బూజు పడుతుంది.

ఆరిన రోజే గాలి తీసిన సంచుల్లో సీలు చేసి ఫ్రీజర్‌లో పెట్టాలి. 20 డిగ్రీల గదిలో వదిలేస్తే ఆరు నెలల్లో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాల్లో దాదాపు సగం పోతుంది, చీజు కంపు మొదలవుతుంది. ఒకసారి బీరు కాచడానికి సరిపడా చిన్న సంచులుగా కట్టుకోవడం మేలు, తెరిచి మూసిన సంచీ నిలవదు.

ఆల్ఫా మామూలుగా 4.5–7 శాతం. 20 లీటర్లకు 30 గ్రాములు గంటసేపు కాస్తే చేదు 16 నుంచి 25 ఐబీయూ (బీరు చేదు కొలత) వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ఇంటి పంటకు ల్యాబ్ అంకె ఉండదు కాబట్టి చేదుకు ఆల్ఫా తెలిసిన ప్యాకెట్ హాప్స్ వాడి, కాస్కేడ్‌ను చివరి పది నిమిషాలకు, పులిసిన తరవాతకు ఉంచుకోవాలని నా సలహా. పులిసిన బీరులో 40–60 గ్రాములు మూడు నాలుగు రోజులు చాలు. అంతకు మించితే గడ్డి రుచి దిగుతుంది. ఈ దశలో హాప్స్ ఎంజైములు మిగిలిన పిండి చక్కెరలను విడగొట్టి పులియడాన్ని మళ్లీ రేపుతాయి. బీరులో మిగిలిన చక్కెరను చూపే హైడ్రోమీటరు అంకె నిలకడగా ఉందని చూడకుండా సీసాల్లో పోస్తే సీసాలు పగులుతాయి. కొయ్యగానే పచ్చివి వేసేట్టయితే బరువు అయిదింతలు తీసుకుని, ఒక్క రోజులోపే వాడెయ్యాలి.

ఎండిన పూల దిండు నిద్ర పట్టిస్తుందంటారు. వాసన హాయిగానే ఉంటుంది, అంతకు మించి ఆశించకండి. హాప్స్ కషాయాన్ని నిద్రమాత్రలతో గాని మద్యంతో గాని కలపకూడదు. ఇందులో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థం ఉంది గనుక, హార్మోన్లతో ముడిపడిన జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగే తాగాలి. కుక్కలున్న ఇంట్లో ఉడికిన పిప్పిని ఎరువు కుప్పలో కూడా వెయ్యొద్దు. తింటే వాటికి ఒంట్లో వేడి అదుపు తప్పి ప్రాణం మీదికొస్తుంది. మూత గట్టిగా ఉన్న చెత్తబుట్టలోనే వెయ్యండి.